హైదరాబాద్‌లో చిన్న పూల్ పార్లర్ పెట్టాలంటే పెట్టుబడి లెక్క ఎలా వేసుకోవాలి

పూల్ పార్లర్ పెడదామనుకునే వాళ్లు మొదట ఆరా తీసేది టేబుల్ రేటు. కొత్తది ఎంత, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుందా, ఎవరి దగ్గర కొనాలి, ఇవే ప్రశ్నలు. టేబుల్‌ని ఒకసారి కొంటారు. దాని చుట్టూ ఆటగాడు స్టిక్ వెనక్కి లాగడానికి వదిలే ఖాళీ స్థలానికి మాత్రం నెలనెలా అద్దె కడతారు. ఈ వ్యాపారంలో చేతి చమురు వదిలేది ఎక్కువగా ఆ ఖాళీ దగ్గరే. అందుకే లెక్కని టేపు పట్టుకుని మొదలుపెట్టండి.

ఉదాహరణకి నాలుగు టేబుళ్ల పార్లర్ తీసుకుందాం. ఎనిమిదడుగుల పూల్ టేబుళ్లు మూడు, పెద్ద సైజు స్నూకర్ టేబుల్ ఒకటి. రేట్లు ఏరియాని బట్టి, సరుకుని బట్టి మారతాయి. నేను కింద వాడిన రూపాయల అంకెలు లెక్క నడవడానికి వేసుకున్నవి. వాటి చోట మీకొచ్చిన కొటేషన్లు పెట్టుకుంటూ చదవండి.

ముందు నేల కొలవండి

మామూలు స్టిక్ పొడవు 58 అంగుళాలు. బాల్ కుషన్‌కి, అంటే టేబుల్ అంచున ఉండే రబ్బరు గట్టుకి, అంటుకుని ఆగినా ఆటగాడు స్టిక్ పూర్తిగా లాగి కొట్టగలగాలి. కాబట్టి ఆడే భాగం కొలతకి నాలుగు వైపులా 58 అంగుళాలు కలపాలి. ఎనిమిదడుగుల పూల్ టేబుల్‌లో ఆడే భాగం 88 అంగుళాల పొడవు, 44 అంగుళాల వెడల్పు. అంటే ఒక్క టేబుల్‌కి 17 అడుగుల పొడవు, పదమూడున్నర అడుగుల వెడల్పు కావాలి. స్నూకర్ టేబుల్‌కి ఇదే లెక్క వేస్తే 22 అడుగులు, 16 అడుగులు వస్తుంది. అంటే 352 చదరపు అడుగులు, ఒక్క టేబుల్‌కే.

పూల్ టేబుళ్లని పక్కపక్కన వేస్తే మధ్య ఖాళీని రెండు టేబుళ్లూ పంచుకుంటాయి. మధ్యలో, రెండు చివర్లా 60 అంగుళాల చొప్పున వదిలితే మూడు టేబుళ్లకి 31 అడుగుల వెడల్పు, 17 అడుగుల పొడవు, అంటే 527 చదరపు అడుగులు. ఒకరు కొట్టేదాకా పక్క టేబుల్ వాళ్లు ఆగాల్సి వస్తుంది, అది మామూలే. ఇంకా కుదించి "మూలలో షార్ట్ స్టిక్ పెడదాంలే" అని మాత్రం అనుకోకండి. ఒకసారి గోడకి స్టిక్ తగిలిన కస్టమర్ రెండోసారి ఆ టేబుల్ మీద ఆడడు.

స్నూకర్, పూల్ కలిపితే దాదాపు 880. కౌంటర్, కూర్చునే చోటు, బాత్రూం, నడవడానికి దారి కలిపి ఇంకో 300 వేసుకోండి. మొత్తం 1,200 చదరపు అడుగులు, అదీ లోపల నిజంగా వాడుకునే స్థలం. బ్రోకర్ చెప్పే ఏరియాలో మెట్లు, కారిడార్, గోడల మందం అన్నీ కలిపి ఉంటాయి. మీకు 1,200 కావాలంటే వాళ్ల లెక్కలో 1,500 ఉన్న షాపు చూడాల్సి వస్తుంది.

ఏరియా సరిపోయినంత మాత్రాన పని అయిపోలేదు. మన ఊళ్లో సందుల్లో కట్టిన బిల్డింగుల్లో పన్నెండు, పధ్నాలుగు అడుగులకో పిల్లర్ తగులుతుంది. 1,800 చదరపు అడుగుల ఫ్లోర్‌లో కూడా స్నూకర్ టేబుల్ ఒక్కటి కూడా పట్టని సందర్భాలుంటాయి. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక చాక్‌పీస్, టేపు, 58 అంగుళాల కర్ర తీసుకెళ్లండి. టేబుళ్ల ఆడే భాగాన్ని నేల మీద గీయండి. గీత అంచున కర్ర పెట్టి చుట్టూ తిరగండి. కర్ర పిల్లర్‌కి తగిలిన ప్రతి చోటా గుర్తు పెట్టుకోండి. రెండు మూడు చోట్ల కన్నా ఎక్కువ తగిలితే అద్దె ఎంత తక్కువైనా ఆ షాపు మీకు పనికిరాదు.

ఏ ఫ్లోర్‌లో తీసుకోవాలి

గ్రౌండ్ ఫ్లోర్ జోలికి వెళ్లకండి. ఆ అద్దె చీరల షాపు కట్టగలదు, గంటకి రెండొందలు తీసుకునే పార్లర్ కట్టలేదు. పూల్ ఆడేవాడు రెండంతస్తులు ఎక్కి వస్తాడు.

సెల్లార్ చవగ్గా వస్తుంది, చల్లగా ఉంటుంది. చూడగానే ఆశపడతారు. కానీ ప్లాన్‌లో సెల్లార్ పార్కింగ్‌కి చూపించి ఉంటే అందులో వ్యాపారం పెట్టడం నిబంధనలకి విరుద్ధం. మున్సిపల్ వాళ్లు వచ్చి సీల్ వేస్తే మీ టేబుళ్లు లోపల, మీరు బయట. జులైలో ఒక్క గట్టి వాన పడితే నీళ్లు చేరేది కూడా ముందు అక్కడికే.

మొదటి, రెండో అంతస్తులు మేలు. అయితే బరువు సంగతి చూడాలి. పెద్ద స్నూకర్ టేబుల్ ఒకటిన్నర టన్నుకి దగ్గరగా ఉంటుంది. అందులో ఐదు స్లేట్ రాతి పలకలుంటాయి, ఒక్కో పలక 150 కిలోలు దాటుతుంది. ఇళ్ల కోసం వేసే స్లాబ్‌ని సాధారణంగా చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. టేబుల్ బరువుని అది నిలబడే వైశాల్యంతో భాగిస్తే వచ్చేది కూడా దాదాపు అంతే. పైగా ఆ బరువంతా ఎనిమిది కాళ్ల మీద పడుతుంది, చుట్టూ మనుషులు అదనం. ఇల్లుగా కట్టి తర్వాత కమర్షియల్‌గా మార్చిన బిల్డింగైతే స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలిపించి చూపించండి. ఆయన ఫీజు ఈ లెక్క మొత్తంలో చిన్న ఖర్చు.

మెట్లు కూడా కొలవండి. ఆరడుగుల పలక మెట్ల మలుపులో తిరగాలి. మామూలు లిఫ్ట్‌ని నమ్ముకోవద్దు. హమాలీలు పలకకి ఇంత, అంతస్తుకి ఇంత అని మాట్లాడతారు. ఆ బేరం లారీ వచ్చాక రోడ్డు మీద కాకుండా ముందే తేల్చుకోండి.

ఏరియా, ఓనర్, అగ్రిమెంటు

దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట, అశోక్‌నగర్ లాంటి చోట్ల హాస్టళ్లున్నాయి, పగలు ఖాళీగా ఉండే కుర్రాళ్లున్నారు. మాదాపూర్, కొండాపూర్ వైపు ఆఫీసులయ్యాక వచ్చేవాళ్లు గంటకి ఎక్కువ ఇస్తారు, కానీ పగలంతా టేబుళ్లు ఖాళీ. టోలిచౌకి, మెహదీపట్నం వైపు రాత్రి గిరాకీ బాగుంటుంది. కొత్తగా పెట్టేవాళ్లకి హాస్టళ్ల ఏరియాలో మెయిన్ రోడ్డుకి ఒక సందు లోపల ఉన్న షాపే మంచిదని నా అభిప్రాయం. ఎందుకో చివర్లో గంటల లెక్క చూస్తే తెలుస్తుంది.

చదరపు అడుగుకి 40 రూపాయలు వేసుకుంటే 1,500కి నెలకి 60 వేలు. అడ్వాన్స్ ఆరు నెలలు అడిగితే 3 లక్షల 60 వేలు. ఇంటీరియర్ పని జరిగే నెలకి అద్దె వద్దని అడగండి, చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఆ నెల అద్దె కూడా పెట్టుబడిలోకే వస్తుంది.

పదకొండు నెలల అగ్రిమెంటుతో సరిపెట్టుకోకండి. ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, స్టాంపు డ్యూటీ ఖర్చవుతుంది. అయినా మూడు నుంచి ఐదేళ్లకి రాయించుకోవడమే క్షేమం. టన్నున్నర టేబుల్‌ని ఏడాది తిరక్కుండా విప్పి మోయించాల్సి వస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఏటా అద్దె ఎంత పెరుగుతుంది, రాత్రి ఎన్నింటిదాకా గేటు తీసి ఉంచుతారు, బైకులు ఎక్కడ పెట్టాలి, బోర్డు ఎక్కడ కట్టుకోవచ్చు, ఇవన్నీ కాగితం మీదికి రావాలి. కింది అంతస్తులో ఎవరున్నారో కూడా చూడండి. ట్యూషన్ సెంటరో, క్లినిక్కో ఉంటే బాల్ నేల మీద పడ్డ ప్రతిసారీ పైకి ఫోన్ వస్తుంది.

టేబుళ్లు

దేశంలో తయారైన స్లేట్ పూల్ టేబుల్‌కి లక్షా 60 వేలు, స్నూకర్ టేబుల్‌కి మూడున్నర లక్షలు వేసుకుంటున్నాను. మూడు పూల్ టేబుళ్లకి 4 లక్షల 80 వేలు, స్నూకర్‌తో కలిపి 8 లక్షల 30 వేలు. రవాణా, హమాలీలు, ఫిట్టర్‌కి ఇంకో 60 వేలు. కొటేషన్‌లో జీఎస్టీ కలిసి ఉందో లేదో, ఫిట్టింగ్ ఎవరిదో రాయించుకోండి. ఫిట్టర్ నెల తర్వాత మళ్లీ వచ్చి లెవెల్ చూసి వెళ్లాలని కూడా ముందే మాట్లాడుకోండి. కాళ్లు కుదురుకునేసరికి లెవెల్ కాస్త మారుతుంది.

సెకండ్ హ్యాండ్ టేబుల్ కొంటే సగానికి సగం మిగలొచ్చు, చూసి కొనాలి అంతే. ముందు టేబుల్ కిందికి దూరి టార్చి వేసి చూడండి. స్లేట్ అని చెప్పి ఎండీఎఫ్ చెక్క, మార్బుల్ అంటగట్టేవాళ్లున్నారు. స్లేట్ అయితే అడుగున నల్లటి బూడిద రంగు రాయి, పలకల మధ్య అతుకులు కనిపిస్తాయి. తర్వాత క్లాత్ మీద అతుకులున్న చోట వేలి గోరుతో అడ్డంగా రాయండి. మెట్టులా తగిలితే పలకలు ఎగుడుదిగుడుగా ఉన్నట్టే. ఒక బాల్‌ని మెల్లగా, ఇంకాసేపట్లో ఆగిపోతుందా అన్నంత నెమ్మదిగా దొర్లించండి. ఆగే ముందు అది ఒక పక్కకి ఒరిగితే లెవెల్ పోయినట్టు, దాన్ని సరిచేయొచ్చు. చివరగా అదే బాల్‌ని ఆరు చోట్ల కుషన్లకి కొట్టి వినండి. ఎక్కడైనా మిగతా చోట్లకన్నా మొద్దు శబ్దం వచ్చి బాల్ నీరసంగా వెనక్కొస్తే రబ్బరు చచ్చిపోయింది. రబ్బరు మార్చే ఖర్చు బేరంలో తగ్గించమనండి.

బాల్స్ దగ్గర పొదుపు చేయకండి. ఫినాలిక్ రెజిన్‌తో చేసిన అరామిత్ లాంటి బెల్జియం బాల్స్ ఖరీదెక్కువే, కానీ ఏళ్లు వస్తాయి. చవక బాల్స్ త్వరగా గీతలు పడి, ఆ గీతలతో క్లాత్‌ని తినేస్తాయి. స్టిక్‌ల దగ్గర మాత్రం పొదుపు చేయొచ్చు. కుర్రాళ్లు వాటి మీద ఆనుకుని నిలబడతారు, కోపమొస్తే నేలకేసి కొడతారు. మధ్యరకం స్టిక్‌లు ఇరవై నాలుగు కొని, కొసన ఉండే టిప్ మార్చడం మీ మార్కర్‌కి, అంటే టేబుళ్లు చూసుకునే పనివాడికి, నేర్పించండి. బాల్స్, స్టిక్‌లు, రెస్ట్ (దూరంగా ఉన్న బాల్ కొట్టేటప్పుడు స్టిక్‌ని ఆనించే కర్ర), చాక్, బ్రష్, ఇస్త్రీపెట్టె అన్నీ కలిపి లక్షా 30 వేలు.

ఇస్త్రీపెట్టె ఎందుకంటే, స్నూకర్ క్లాత్‌కి నూగు ఉంటుంది. దాన్ని బ్రౌన్, గ్రీన్, ఎల్లో బాల్స్ ఉండే వైపు నుంచి బ్లాక్ బాల్ వైపుకి ఒకే దిక్కున బ్రష్ చేసి, అదే దిక్కున ఇస్త్రీ చేయాలి. మంచి పూల్ క్లాత్‌కి నూగు ఉండదు, తుడిస్తే చాలు. రోజంతా ఆడే పార్లర్‌లో క్లాత్ ఏడాదికి మించి మన్నుతుందని ఆశపడొద్దు. అందుకే నెలకి 8 వేలు క్లాత్ కోసమని పక్కన పెడదాం.

కరెంటు, ఏసీ, లైట్లు

షాపు మీటరు ఏ కేటగిరీలో ఉందో, శాంక్షన్ అయిన లోడ్ ఎంతో ఓనర్ దగ్గర పాత బిల్లు అడిగి చూడండి. ఇంటి మీటరు మీద పార్లర్ నడిపితే కేసవుతుంది. రెండు టన్నుల ఏసీలు మూడు, లైట్లు, ఫ్రిజ్ కలిపితే 8 నుంచి 10 కిలోవాట్లు కావాలి. లోడ్ పెంచడానికి, వైరింగ్‌కి లక్ష రూపాయలు అనుకోండి. ఏసీలకి లక్షా 65 వేలు. టేబుల్ లైట్లకి 50 వేలు. వాటిని కోఠి ట్రూప్‌బజార్‌లో విడిగా కొని ఫ్రేమ్ చేయించుకుంటే ఇంకా తగ్గుతుంది. కరెంటు పోయినప్పుడు ఆట మధ్యలో ఆగకుండా ఇన్వర్టర్‌కి 60 వేలు.

ఎండాకాలం మూడు ఏసీలు గంటకి రెండేసి యూనిట్ల చొప్పున పది గంటలు నడిస్తే రోజుకి 60 యూనిట్లు, నెలకి 1,800. కమర్షియల్ కనెక్షన్‌లో 500 యూనిట్లు దాటాక యూనిట్ 11 రూపాయలు, కాబట్టి ఏసీలకే 20 వేల దాకా వస్తుంది. మిగతావన్నీ కలిపి నెలకి 25 వేలు పెట్టుకోండి. చలికాలంలో మిగిలింది మీ అదృష్టం. వానాకాలంలో ఏసీ మరీ కట్టేయకండి. గాలిలో తేమకి క్లాత్ బరువెక్కి బాల్ నడవదు.

లైటుకి బిల్లింగ్‌ని కలపడం మంచి ఏర్పాటు. కౌంటర్‌లో టైమ్ మొదలుపెడితేనే ఆ టేబుల్ మీద లైటు వెలుగుతుంది. మీరు లేనప్పుడు తెలిసినవాళ్లని ఊరికే ఆడించడం, అరగంట తర్వాత టైమ్ వేయడం దాంతో ఆగిపోతాయి. కెమెరాలు, బిల్లింగ్ అన్నీ కలిపి 50 వేలు. ఇంటీరియర్‌కి రెండున్నర లక్షలు చాలు. గోడలకి ముదురు రంగు, గట్టి కుర్చీలు, శుభ్రమైన బాత్రూం ఉంటే చాలు, ఫాల్స్ సీలింగ్ మీద డబ్బు తగలేయకండి. ఆడేవాళ్లు పైకి చూడరు.

కాగితాలు

మున్సిపల్ కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్ కావాలి, ఏటా రెన్యూ చేయించాలి. లేబర్ డిపార్ట్‌మెంట్‌లో షాపులు, ఎస్టాబ్లిష్‌మెంట్ల రిజిస్ట్రేషన్ చేయించాలి. ఆటల పార్లర్ కాబట్టి పోలీసు లైసెన్స్ సంగతి మీ ఏరియా కమిషనరేట్‌లో షాపు ఖాయం చేసుకోకముందే కనుక్కోండి. మూసే టైమ్ కూడా అక్కడే తెలుస్తుంది. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ. టీ, సమోసా కౌంటర్ పెడితే చిన్న వ్యాపారాలకి ఉండే ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తీసుకోండి, ఫీజు నామమాత్రం. బోర్డు, అగ్రిమెంటు రిజిస్ట్రేషన్‌తో కలిపి 60 వేలు.

పందేల విషయంలో మొహమాటపడితే మొత్తానికే మునుగుతారు. ఓడినవాడు టేబుల్ డబ్బులివ్వడం వేరు, ఫ్రేమ్‌కి, అంటే ఒక్కో ఆటకి, వెయ్యి అని పందెం కాయడం వేరు. పందేలు ఆడనిస్తే తెలంగాణ గేమింగ్ చట్టం, 1974 కింద నడిపేవాడి మీదే ముందు కేసు పడుతుంది. హుక్కా పెడితే గిరాకీ పెరుగుతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. రాష్ట్రంలో హుక్కా పార్లర్లని 2024లోనే నిషేధించారు. యూనిఫాంలో వచ్చే స్కూలు పిల్లల్ని లోపలికి రానివ్వకండి. కాలనీ పెద్దలకి మీ మీద ఫిర్యాదు చేయడానికి ఆ ఒక్క దృశ్యం చాలు.

కూడితే ఎంత

అడ్వాన్స్ 3.6 లక్షలు, పని జరిగే నెల అద్దె 60 వేలు, టేబుళ్లు 8.3 లక్షలు, రవాణా, ఫిట్టింగ్ 60 వేలు, బాల్స్, స్టిక్‌లు 1.3 లక్షలు, లైట్లు 50 వేలు, ఏసీలు 1.65 లక్షలు, వైరింగ్ లక్ష, ఇన్వర్టర్ 60 వేలు, కెమెరాలు, బిల్లింగ్ 50 వేలు, ఇంటీరియర్ 2.5 లక్షలు, కాగితాలు 60 వేలు. మొత్తం 21 లక్షల 75 వేలు. చూడండి, ఇందులో టేబుళ్ల వాటా 40 శాతం కూడా లేదు.

ఇక్కడితో ఆపేసి చాలామంది షట్టర్ ఎత్తేస్తారు. నెల ఖర్చు ఇంకా ఉంది. అద్దె 60 వేలు, కరెంటు 25, ఇద్దరు పనివాళ్లకి 32, క్లాత్ ఫండ్ 8, మిగతా చిల్లర 10. నెలకి లక్షా 35 వేలు. పార్లర్ అడ్డాగా మారడానికి టైమ్ పడుతుంది కాబట్టి నాలుగు నెలల ఖర్చు, అంటే 5 లక్షల 40 వేలు, బ్యాంకులో ముట్టుకోకుండా ఉంచండి. దాంతో 27 లక్షలు దాటింది. ఆ ఐదు లక్షలు లేకపోతే మూడు టేబుళ్లతోనే మొదలుపెట్టండి.

రోజుకి ఎన్ని గంటలు ఆడితే గిట్టుతుంది

లక్షా 35 వేలని 30 రోజులకి పంచితే రోజుకి 4,500. టేబుల్ గంటకి, అంటే ఒక టేబుల్ మీద ఒక గంట ఆటకి, సగటున 200 వస్తే ఇరవై రెండున్నర టేబుల్ గంటలు కావాలి. సాయంత్రం ఐదు నుంచి పదకొండు దాకా నాలుగు టేబుళ్లూ ఒక్క నిమిషం ఖాళీ లేకుండా నిండినా మీకు దొరికేది 24 గంటలు. అంటే సాయంత్రం గిరాకీ అంతా ఖర్చులకే సరి. మీ జీతం, పెట్టుబడి తిరిగి రావడం పగటిపూట ఆడేవాళ్ల మీదే ఆధారపడి ఉంటాయి. హాస్టళ్ల ఏరియా అన్నది అందుకే. పగలు పదకొండు నుంచి నాలుగు దాకా సగం రేటుకి ఆడించినా, ఖాళీగా ఏసీ తినే టేబుల్ కన్నా నయం. ఇంటర్, డిగ్రీ పరీక్షల నెలల్లో ఆ గిరాకీ కూడా పడిపోతుంది, అది ముందే అనుకోవాలి.

అప్పు చేస్తే ఈ లెక్క ఇంకా బిగుస్తుంది. ముద్రా పథకం కింద తరుణ్ కేటగిరీలో 10 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇచ్చే వీలుంది. 11 శాతం వడ్డీకి ఐదేళ్లనుకుంటే నెల వాయిదా దాదాపు 21,700. రోజుకి ఇంకో మూడున్నర టేబుల్ గంటలు అదనంగా ఆడాలి.

ఇప్పుడు స్నూకర్ టేబుల్ సంగతి. 60 వేల అద్దెని లోపలి 1,200 చదరపు అడుగులకి పంచితే అడుగుకి 50 పడుతుంది. స్నూకర్ టేబుల్ నిలబడే చోటుకి నెలకి 17,600, పూల్ టేబుల్‌కి దాదాపు 8,800. సరిగ్గా రెట్టింపు. గంట రేటు మాత్రం రెట్టింపు పెట్టలేరు. అయినా నేనైతే ఒక్కటి ఉంచుతాను. స్నూకర్ ఆడేవాళ్లు తక్కువమందే, కానీ వారంలో నాలుగు రోజులు వస్తారు, టేబుల్ బాగుంటే ఊరి అవతల నుంచైనా వస్తారు. మీ ఏరియాలో ఇప్పటికే నడుస్తున్న స్నూకర్ పార్లర్లకి మంగళవారమో, బుధవారమో మధ్యాహ్నం మూడింటికి వెళ్లి కూర్చుని టీ తాగండి. ఎన్ని టేబుళ్ల మీద లైటు వెలుగుతోందో చూడండి. ఒక్కటీ వెలగకపోతే ఆ 352 చదరపు అడుగులు వదిలేసి చిన్న షాపు తీసుకోండి, లేదా అదే చోట ఇంకో రెండు పూల్ టేబుళ్లు పడతాయేమో చాక్‌పీస్‌తో మళ్లీ గీసి చూడండి.